పాత బ్రునెల్లో సీసా: కొనడం నుంచి గ్లాసులో పోసేదాకా

ఇటలీలో టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి దక్షిణంగా కొండ మీద మోంటాల్చీనో అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చుట్టూ పండే ఎర్ర వైన్ పేరు బ్రునెల్లో ది మోంటాల్చీనో. ఇది దుకాణానికి రావడానికే పంట కోసినప్పటి నుంచి నాలుగేళ్లు దాటాలి. మంచి ఏడాదిది, మంచి చేతుల్లో తయారైంది అయితే పదేళ్లు, ఇరవై ఏళ్లు హాయిగా నిలుస్తుంది, ఇంకా బాగుపడుతుంది కూడా. ఇంత కాలం ఓపిక పట్టిన వైన్ పాడయ్యేది ఎక్కువగా చివరి అంకంలోనే. ఎండలో కారు డిక్కీలో పెట్టడం, వంటింటి అలమరాలో ఆరు నెలలు వదిలేయడం, కుదిపి గబగబా తెరవడం లాంటివి దాని ప్రాణం తీస్తాయి. మీరు ప్రత్యేకంగా చేయాల్సింది చాలా తక్కువ, జాగ్రత్త పడాల్సింది మాత్రం చాలా ఉంది. ఒక చిన్న ఎస్టేట్ (సొంత ద్రాక్షతోట ఉండి వైన్ చేసే చోటు) ఆర్గానిక్‌గా చేసిన పాత సీసాని దృష్టిలో పెట్టుకుని ఒక్కో దశే చూద్దాం.

ముందు ఈ వైన్ సంగతి

బ్రునెల్లో పూర్తిగా సాంజొవేసె అనే ఒకే ద్రాక్ష రకంతో చేయాలి, వేరే ద్రాక్ష కలపకూడదు. ఈ పేరుతో తొలి వైన్లను 19వ శతాబ్దం చివర్లో బయోందీ సాంతీ కుటుంబం తయారుచేసింది. వాళ్ల 1888 నాటి వైన్‌ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 1980లో ఇటలీ తన వైన్లకు అత్యున్నత హోదా అయిన డీఓసీజీ ఇచ్చినప్పుడు మొదటి వరసలో బ్రునెల్లో ఉంది.

నియమం ప్రకారం కనీసం రెండేళ్లు చెక్క పీపాల్లో, ఆ తర్వాత కనీసం నాలుగు నెలలు సీసాలో ఉంచాలి. పంట ఏడాది తర్వాత ఐదో ఏడాది జనవరి 1కి ముందు అమ్మకూడదు. అంటే 2016 పంట 2021లో బయటికొచ్చింది. సీసా మీద 'రిసెర్వా' అని ఉంటే ఇంకో ఏడాది ఆలస్యం. చిన్న రైతు కుటుంబానికి ఇది మామూలు భారం కాదు. ఈ ఏడాది పడిన కష్టానికి డబ్బు చేతికొచ్చేది ఐదేళ్ల తర్వాత. ఈలోగా ఇల్లు గడవడానికి చాలామంది అదే ద్రాక్షతో త్వరగా అమ్ముకునే 'రోస్సో ది మోంటాల్చీనో' కూడా చేస్తారు. మీకు ఈ రుచి పూర్తిగా కొత్త అయితే, ఖరీదైన పాత సీసా కన్నా ముందు అదే ఎస్టేట్ రోస్సో ఒకటి తాగి చూడండి. నచ్చితే అప్పుడు పెద్దదానికి వెళ్లండి.

సీసా ఎంచుకోవడం

ఆర్గానిక్ అన్నంత మాత్రాన చిన్న కుటుంబం చేసిందని కాదు. మోంటాల్చీనోలో కోల్ దోర్చా లాంటి పెద్ద ఎస్టేట్ కూడా ఆర్గానిక్‌గానే సాగు చేస్తుంది. అదేమీ తప్పు కాదు, కానీ మీరు వెతికేది చిన్న ఎస్టేట్ అయితే ఈ రెండు విషయాలనూ విడివిడిగా చూసుకోవాలి.

మొదట సీసా వెనక లేబుల్ తిప్పండి. 'ఇంతెగ్రాల్మెంతె ప్రొదొత్తొ ఎ ఇంబొత్తిల్యాతొ' అనో, 'ఇంబొత్తిల్యాతొ అల్లొరీజినె' అనో ఉంటే ద్రాక్ష పండించినవాళ్లే వైన్ చేసి సీసాల్లో నింపారని. ఉత్త 'ఇంబొత్తిల్యాతొ ద' అని ఒక కంపెనీ పేరు ఉంటే, ఎక్కడో కొన్న వైన్‌ని వాళ్లు సీసాలో నింపి ఉండవచ్చు. ఎఫ్ఐవీఐ గుర్తు కనిపిస్తే ఇంకా మంచిది. అది 2008లో ఏర్పడిన ఇటలీ స్వతంత్ర వైన్ రైతుల సమాఖ్యది. తమ తోటలో పండించి, తామే వైన్ చేసి, తామే అమ్ముకునేవాళ్లు అందులో సభ్యులు.

తర్వాత ఆర్గానిక్ గుర్తు. ఆకుపచ్చ రంగు మీద తెల్ల నక్షత్రాలతో గీసిన ఆకు యూరప్ ఆర్గానిక్ గుర్తు. పక్కనే 'ఐటీ బయో' అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. పాత సీసాలు కొనేవాళ్లు ఇక్కడ ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. యూరప్‌లో 'ఆర్గానిక్ వైన్' అనడానికి నియమాలు 2012 పంట నుంచే వచ్చాయి. అంతకుముందు 'ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్' అని మాత్రమే రాసుకునే వీలుండేది. కాబట్టి 2006 సీసా మీద ఆకు గుర్తు లేదని పక్కన పెట్టేయకండి. ఆ ఎస్టేట్ ఎప్పటి నుంచి సర్టిఫికెట్‌తో సాగు చేస్తోందో దుకాణంవాళ్లని అడగండి. సలికుత్తి అనే చిన్న ఎస్టేట్‌కి 1990లలోనే సర్టిఫికెట్ ఉంది. మోంటాల్చీనోలో మొదట ఆ దారి పట్టింది అదేనని పేరు. లె క్యూజె, సాన్ పొలీనో, స్టెల్లా ది కాంపాల్తో కూడా ఈ కోవలోవే.

ఆర్గానిక్ అంటే మందు అసలు కొట్టరని అనుకోవద్దు. మన ద్రాక్ష రైతులకు బాగా తెలిసిన బూజు తెగులు, బూడిద తెగులు అక్కడా ఉన్నాయి. బూజుకి రాగితో చేసిన మందు, అంటే మనవాళ్లు వాడే బోర్డో మిశ్రమం లాంటిది, బూడిద తెగులుకి గంధకం వాడతారు. ఆ రాగికి కూడా పరిమితి ఉంది, ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు దాటకూడదు. తెగులు మొక్క లోపలికి చేరాక దాన్ని తరిమే రసాయనాలు వాళ్ల చేతిలో ఉండవు. అందుకే వాన పడిందంటే మళ్లీ తోటలోకి పరుగెత్తాల్సిందే. 2023 వసంతంలో విడవకుండా కురిసిన వానలకు మధ్య, దక్షిణ ఇటలీలో బూజు తెగులు విపరీతంగా వచ్చింది, చాలా తోటల్లో పంట పోయింది. చిన్న ఆర్గానిక్ ఎస్టేట్ సీసాకి పది, ఇరవై యూరోలు ఎక్కువ అడిగితే అందులో ఈ టెన్షన్ ఖరీదు కూడా ఉందని నేను అనుకుంటాను. వైన్ చెడకుండా కలిపే సల్ఫైట్ విషయంలోనూ నియమం గట్టిదే. మామూలు ఎర్ర వైన్‌కి లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంటే, ఆర్గానిక్ ఎర్ర వైన్‌కి 100 మాత్రమే. దీనివల్ల సీసాని వేడికి దూరంగా ఉంచడం మరింత అవసరం.

ఇక పంట ఏడాది. 2004, 2006, 2010, 2015, 2016 మంచి ఏళ్లుగా పేరుపడ్డాయి. వీటిలో 2010, 2016 ఎక్కువ కాలం నిలిచే రకం. 2003, 2017 బాగా ఎండలు కాసిన ఏళ్లు, ఆ వైన్లు కాస్త ముందే తాగేయడం మంచిది. 2002, 2014 వానల ఏళ్లు. అయినా బాధ్యత గల కుటుంబాలు చెడ్డ ఏడాదిలో బాగాలేని గుత్తులు తీసేసి కొంచెమే చేస్తాయి. అలాంటి చేతి నుంచి వచ్చిన 2014 సీసా తక్కువ ధరకు దొరికితే సందేహించకుండా తీసుకోండి. పెద్ద పేరున్న ఏడాది కన్నా నమ్మకమైన చెయ్యి ముఖ్యం.

సీసాని వెలుతురుకి ఎదురుగా పట్టి వైన్ మట్టం చూడండి. పదిహేనేళ్ల సీసాలో వైన్ మెడలోనే ఉండాలి. ఇరవై ఐదేళ్లు దాటినదానిలో మెడ అడుగుదాకా దిగినా పరవాలేదు. భుజం, అంటే మెడ కింద సీసా వెడల్పయ్యే చోటు, దాని మధ్యకి దిగితే కొనకండి. కార్క్ మూతి పైకి ఉబ్బి ఉన్నా, మూతి చుట్టూ ఉన్న రేకు కింద వైన్ కారిన జిగట ఉన్నా ఆ సీసా ఎక్కడో ఎండ తిన్నట్టే.

ఇంటికి తేవడం, దాచడం

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఇది తేలిక, మంచి దుకాణంలో కొని ఎండలో తిప్పకుండా ఇంటికి చేర్చుకుంటే చాలు. ఇండియాలో దిగుమతి వైన్ మీద కస్టమ్స్ సుంకమే ఏళ్ల తరబడి 150 శాతంగా ఉంటూ వచ్చింది, దానిపై రాష్ట్రాల పన్నులు అదనం. హైదరాబాద్ దుకాణాల్లో చిన్న ఎస్టేట్ల పాత సీసా దొరకడం అరుదు. కాబట్టి చాలామందికి ఉన్న దారి ప్రయాణంలో వెంట తెచ్చుకోవడమే. ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చెక్-ఇన్ పెట్టెలో, పెట్టె నడిమధ్యన, చుట్టూ మందపాటి బట్టలు పెట్టి సర్దండి. విమానం దిగాక నేరుగా ఇంటికి వెళ్లండి. మే నెలలో పార్కింగ్‌లో నిలిపిన కారు లోపలి వేడికి గంట చాలు, పదేళ్ల శ్రమ పోవడానికి.

దాచడానికి సరైన వేడి 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, కదలిక లేని చోటు. సీసాని పడుకోబెట్టాలి, అప్పుడే కార్క్ తడిగా ఉండి గాలిని ఆపుతుంది. మన ఇళ్లలో ఏ గదీ ఏడాది పొడుగునా ఇలా ఉండదు. ఏడాదికి పైగా దాచాలనుకుంటే చిన్న వైన్ ఫ్రిజ్ కొనక తప్పదు. అది లేకపోతే, రెండు మూడు నెలల్లో తాగేసేలా కొనండి, ఈలోగా మామూలు ఫ్రిజ్‌లో కింది అరలో వెనక వైపు పడుకోబెట్టండి. మరీ చల్లన, మరీ పొడి, ఏళ్ల తరబడి అయితే మంచిది కాదు. కానీ కొద్ది వారాలకి 35 డిగ్రీల అలమరా కన్నా వెయ్యి రెట్లు నయం. వంటగది పైఅర మాత్రం ఎప్పుడూ వద్దు.

ప్రయాణం చేసి వచ్చిన పాత సీసాని అదే వారం తెరవకండి. అడుగున ఉన్న మడ్డి అంతా కలిసిపోయి ఉంటుంది, వైన్ చేదుగా, మబ్బుగా అనిపిస్తుంది. కనీసం రెండు వారాలు కదపకుండా ఉంచండి.

రెండు రోజుల ముందు: నిలబెట్టండి

తాగే రోజుకి కనీసం రెండు రోజుల ముందు సీసాని నిటారుగా నిలబెట్టాలి. ఏళ్లు గడిచేకొద్దీ వైన్‌లోని రంగు, వగరు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగుతాయి. అదే మడ్డి. పాత వైన్ తాగితే నోరు పట్టేయకుండా మెత్తగా ఉండటానికి కారణం కూడా ఇదే. మడ్డి హానికరం కాదు, కానీ గ్లాసులోకి వస్తే ఇసుకలా తగిలి చేదు చేస్తుంది.

ఎండాకాలం అయితే ఫ్రిజ్‌లోనే నిలబెట్టండి. తలుపు అరలో మాత్రం వద్దు, తెరిచినప్పుడల్లా కుదుపు తగులుతుంది.

కార్క్ తీయడం

అన్నిటికన్నా చెయ్యి వణికే దశ ఇది. నెమ్మదిగా చేస్తే ఏమీ కాదు.

రేకుని మూతి అంచుకి కింద కత్తిరించి తీసేయండి. కార్క్ మీద నల్లని బూజు కనిపించవచ్చు, తేమ గల నేలమాళిగలో ఉన్న సీసాకి అది మామూలే. తడిగుడ్డతో తుడవండి. పదేళ్ల లోపు సీసాకి మామూలు ఓపెనర్ సరిపోతుంది. అంతకన్నా పాతదైతే, మధ్యలో మర దించే ఓపెనర్‌తో కార్క్ పొడిపొడిగా రాలే ప్రమాదం ఎక్కువ. రెండు పలుచని రేకులున్న 'ఆ-సో' ఓపెనర్ కొనుక్కోండి. పొడవాటి రేకుని ముందు, పొట్టిదాన్ని తర్వాత కార్క్‌కీ గాజుకీ మధ్య పెట్టి, అటూ ఇటూ ఊపుతూ దించండి. పూర్తిగా దిగాక మెలితిప్పుతూ పైకి లాగండి. లాగడం కన్నా తిప్పడం ఎక్కువగా ఉండాలి.

ఇంత చేసినా కార్క్ విరిగితే కంగారు పడకండి. మిగిలిన ముక్కని లోపలికి తోసేసి, సన్నటి స్టీలు జల్లెడ గుండా వైన్‌ని వంచుకోండి. రుచికి ఏ లోటూ రాదు. మూతి లోపలి అంచుని శుభ్రమైన గుడ్డతో తుడిచి కొంచెం పోసి రుచి చూడండి. తర్వాతి దశ ఎలా ఉండాలో ఆ గుక్కే చెబుతుంది.

డికాంటర్‌లోకి వంచాలా వద్దా

డికాంటర్ అంటే వైన్‌ని వంచి గాలి తగలనిచ్చే గాజు పాత్ర. దాన్ని వాడటానికి అందరికీ ఒకటే సూత్రం లేదు. సీసా వయసుని బట్టి నేను చెప్పేది ఇది. ఎనిమిదేళ్ల లోపు బ్రునెల్లో ఇంకా బిగుసుకునే ఉంటుంది, వగరు గట్టిగా ఉంటుంది. రెండు మూడు గంటల ముందు డికాంటర్‌లో పోసి వదిలేయండి. పది నుంచి పదిహేనేళ్ల సీసాకి గంట చాలు. ఇరవై దాటినదాన్ని ఎక్కువసేపు గాలికి వదలకండి. మడ్డి వేరు చేయడానికి మాత్రమే వంచి, వెంటనే గ్లాసుల్లో పోయండి. ఆ వయసులో వాసనలు సున్నితంగా ఉంటాయి, వెడల్పాటి డికాంటర్‌లో గంటసేపు ఉంటే ఎగిరిపోతాయి. డికాంటర్ లేకపోతే శుభ్రమైన గాజు కూజా సరిపోతుంది, సబ్బు వాసన లేకుంటే చాలు.

వంచేటప్పుడు సీసా మెడ కింద ఫోన్ టార్చ్ వెలిగించి పెట్టుకోండి. ఒకే ధారగా, ఆపకుండా వంచండి. ఆపి మళ్లీ వంచితే లోపల అల లేచి మడ్డి కదులుతుంది. చివర్లో నల్లటి పొగ లాంటి చార భుజం దాటి మెడలోకి వస్తుంటే ఆపేయండి. అడుగున మిగిలే రెండు మూడు చెంచాల కోసం ఆశపడకండి.

వేడి, గ్లాసు

ఎర్ర వైన్‌ని గది వేడిలో ఇవ్వాలనే మాట యూరప్ చలి ఇళ్లకు పుట్టింది. మన 30 డిగ్రీల గదిలో పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏదీ తెలియదు. గ్లాసులో 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. వైన్ ఫ్రిజ్ నుంచైతే తీసిన ఇరవై నిమిషాలకి సరిపోతుంది. మామూలు ఫ్రిజ్ నుంచైతే ఎండాకాలంలో గంట, ఏసీ గదిలో ఇంకాస్త ఎక్కువ. వంటకి వాడే థర్మామీటర్ ఉంటే ఒకసారి పెట్టి చూడండి, ఊహించి పోయడం కన్నా మేలు. గ్లాసు పెద్దగా, పైన కొంచెం ముడుచుకున్నట్టు ఉండాలి, అందులో మూడో వంతుకి మించి పోయకూడదు.

ఏం చూడాలి, ఏది దోషం

రంగు చూసి చాలామంది నిరుత్సాహపడతారు. సాంజొవేసె ఎప్పుడూ చిక్కటి నలుపు రంగులో ఉండదు. పాతబడ్డాక దానిమ్మ ఎరుపు నుంచి ఇటుక రంగుకి, అంచుల్లో నారింజ ఛాయకి మారుతుంది. అది వయసు, దోషం కాదు. 2008లో కొందరు ఉత్పత్తిదారులు ముదురు రంగు, మెత్తదనం కోసం వేరే ద్రాక్ష కలిపారన్న ఆరోపణలతో మోంటాల్చీనోలో పెద్ద దర్యాప్తే జరిగింది. ఆ గొడవ తర్వాత కూడా అక్కడి ఉత్పత్తిదారులు భారీ మెజారిటీతో వంద శాతం సాంజొవేసె నియమాన్నే ఉంచుకోవాలని ఓటేశారు. ఆ ఓటు నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. పలుచని రంగే ఈ వైన్ నిజాయితీకి గుర్తు.

వాసనలో పుల్లటి చెర్రీ, ఎండిన అంజీర్, ఎండబెట్టిన నారింజ తొక్క, పొగాకు, టీ ఆకు, తోలు, వాన పడిన అడవి నేల లాంటివి కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి తెలియవు, అరగంటలో గ్లాసు మారుతూ ఉంటుంది. నోట్లో పులుపు చురుగ్గా ఉండాలి, వగరు నాలుక చివర సన్నగా తగలాలి.

దోషాలు గుర్తుపట్టడం నేర్చుకోండి, లేకపోతే చెడిన సీసా తాగి ఈ వైన్ ఇంతేనేమో అనుకుంటారు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్క్ చెడ్డదని, దానికి మందు లేదు. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు ఉంటే గాలి తగిలి చచ్చిపోయింది. ఉడికిన జామ్ వాసనైతే వేడి తిన్నది. సీసా తెరవగానే అగ్గిపుల్ల వాసనో, కోడిగుడ్డు వాసనో వస్తే మాత్రం పారబోయకండి. గ్లాసులో బాగా తిప్పి పావుగంట ఆగితే చాలాసార్లు పోతుంది.

పక్కన ఏం తినాలి

టస్కనీలో దీనితో నిప్పుల మీద కాల్చిన దళసరి గొడ్డుమాంసం, అడవిపంది కూరతో పీచీ అనే లావు సేమ్యా లాంటి పాస్తా, పియెంజా ఊరి గొర్రెపాల చీజ్ తింటారు. మన వంటల్లో ముఖ్యమైన అడ్డంకి కారం. ఎండుమిర్చి ఘాటు వగరునీ ఆల్కహాల్‌నీ రెట్టింపు చేసి చూపిస్తుంది. ఆవకాయ, గోంగూర మాంసం పక్కన పాత బ్రునెల్లో అసలు వినబడదు. అదే హైదరాబాదీ మరగ్, కారం తగ్గించిన హలీమ్, మిరియాలతో నిదానంగా ఉడికించిన మటన్, నెయ్యితో వేయించిన పుట్టగొడుగులు చాలా బాగా కలుస్తాయి. మాంసం తినని ఇంట్లో పుట్టగొడుగులే మొదటి ఎంపిక. వంట మొత్తం మసాలా తక్కువగా చేసుకుని, కారం కావాలనుకునేవాళ్లకి విడిగా పెట్టండి. ఇరవై ఏళ్లు దాటిన సీసా అయితే భోజనం అయ్యాక చీజ్ ముక్కలతో నిదానంగా తాగడం నాకు ఇష్టం.

ఈ వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 14 శాతం చుట్టూ ఉంటుంది. ఒక సీసాకి నలుగురు ఉంటే బాగుంటుంది, ఇంటికి బండి నడపాల్సినవాళ్లకి ముందే క్యాబ్ మాట్లాడండి.

మిగిలితే

పదేళ్ల లోపు వైన్ మిగిలితే కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. మళ్లీ తాగే ముందు అరగంట బయట పెట్టండి. ఇరవై ఏళ్లదాన్ని మాత్రం ఆ రాత్రే పూర్తి చేయండి, తెల్లారేసరికి అందులో పులుపు తప్ప పెద్దగా ఏమీ మిగలదు. అడుగున ఉన్న మడ్డి వైన్‌ని పలుచని గుడ్డలో వడగట్టి, మర్నాడు మటన్ ఉడికేటప్పుడు కుక్కర్ మూత పెట్టకముందు పోసి ఐదు నిమిషాలు మరగనివ్వండి. గ్రేవీకి మంచి పులుపు, చిక్కదనం వస్తాయి.